మొవ్వు తీసిన చోట

పెళ్ళైన మూడో నెలలో
అమ్మ నాకిచ్చింది ఆరు పిలకలు,
వేళ్ళకంటిన మట్టితో సహా గోనెలో చుట్టి.
గమో కొండ ఒకటి దిగి, ఇంకొకటి ఎక్కి
మంచులో వీపున మోసుకొచ్చాను.

ఎన్సెట్. చూడ్డానికి అరటికి అక్క.
పండు నోట పెట్టేది కాదు; బోదె, దుంప మాకు అన్నం.
గీకి, గోతిలో పాతి, పులియబెట్టి
రొట్టె కాల్చుకుంటాం.

దీన్ని విత్తం. చంపి పుట్టిస్తాం.
ఎదిగిన చెట్టును మొదలంటా నరికి
దుంప నడినెత్తిన మొవ్వు తవ్వి పారేసి
ఆ గుంటలో పేడ, మట్టి, నాలుగు రాళ్ళు కూరి పాతేస్తే
తల లేని తల్లి చుట్టూ
వానలకి డెబ్భై, ఎనభై పిలకలు.
తండ్రెవరని అడిగే పనే లేదు.

ఎర్ర ఈనెల ఆ మొక్క
అమ్మ పెరట్లోదే, అమ్మమ్మ పెరట్లోదే.
పోలిక సంగతి కాదు నేను చెప్పేది.
అదే మొక్క.
నాలుగు ఊళ్ళలో నిలబడ్డ ఒకే ఒళ్ళు.

నేను మాత్రం అమ్మను కాను.
నాన్న చెవులు వచ్చాయి,
ఎవరిదో తెలియని ఎడమచేతి వాటం వచ్చింది.
అమ్మ పాడిన పాటే అందుకున్నా నా గొంతు పక్కకి పోతుంది.
అమ్మ పోయి పదకొండేళ్ళు.
ఆమె పెట్టిన గాటులోంచి మొలిచింది
ఇంకా నా వాకిట్లో ఆకు విప్పుతూనే ఉండేది.

అత్త అస్నాకెచ్ అనేది:
"పువ్వు చూసిన పెరడు పస్తు చూస్తుంది."
నిజమే. పూసిందంటే దుంపలో పిండంతా పువ్వుకే పోతుంది,
ఆపైన చెట్టూ పోతుంది.
అందుకే ఏ చెట్టునీ పెళ్ళీడు దాకా ఉంచం.

నేనొకదాన్ని ఉంచాను.
ధైర్యం చేసి కాదు.
బిర్కె కడుపులో ఉంది, కత్తి ఎత్తలేని నెలలు.
పెరటి చివర, వాగు ఒడ్డున
అది ఎప్పుడు గెల వేసిందో కూడా చూడలేదు.
రాత్రుళ్ళు గబ్బిలాలు వచ్చేవి.
తోమా లాంతరెత్తి చూపించాడు, మూతుల నిండా పుప్పొడి.
వాగవతల అడవిదాని దగ్గర తాగి ఇక్కడికి,
ఇక్కడ తాగి ఎక్కడికో.

గింజలు నల్లగా, సెనగలకన్నా పెద్దవి, పన్ను విరిగేంత గట్టివి.
కోతులు కొన్ని పట్టుకుపోయాయి. చాలా కుళ్ళాయి.
ఒకటి, ఒక్కటే,
పేడకుప్ప పక్కన మొలిచింది.
ఈనె ఎరుపే. ఆకు అంచున మాత్రం
మా పెరట్లో ఎన్నడూ లేని నలుపు.
అత్త వంగి చాలాసేపు చూసింది.
"ఇదెవరి బిడ్డే?" అంది.

బిర్కెకి మూడేళ్ళు నిండిన ఏడు తెగులు వచ్చింది.
ఒర్కైదొ పెరట్లో ఆకులు పసుపెక్కి వాలాయి,
బోదె కోస్తే చీములాంటిది కారింది.
ఒకటి పడితే అన్నీ పడ్డాయి.
అన్ని తలుపులకీ ఒకే తాళంచెవి అయినప్పుడు
దొంగకి శ్రమేముంది?

మా ఇంటికది కత్తి మీద వచ్చింది.
నేనే వెళ్ళి అడిగి తెచ్చుకున్న కత్తి.
పిలకల్ని పుట్టించే అంచే.
అమ్మ మొక్కలు పద్నాలుగు.
రెండు నెలలు పట్టింది, అంతే.

లోతుగా గొయ్యి తీసి పూడ్చాం.
కత్తిని నిప్పుల్లో ఎర్రగా కాల్చాను,
ఆ వాసన జుట్టుకి పట్టి వారం దాకా వదల్లేదు.

పేరు లేనిది నిలబడే ఉంది.
తెగులు దాన్ని ముట్టుకోలేదో,
ఇంకా చేరలేదో.
కోసి చూస్తే తప్ప
పిండి ఉందో, ఉత్త పీచో తెలియదు.
కోయబుద్ధి కాదు.

అక్కకి కబురు పెట్టాను,
అమ్మ మొక్క నీ దగ్గరింకా ఉంటే ఒక పిలక పంపమని.
జవాబు రాలేదు.
పొద్దున్నే బిర్కె వెళ్ళి
ఆ నల్లంచు దాని పక్కన నిటారుగా నిలబడి
తల మీద చెయ్యి పెట్టి కొలుచుకుంటుంది,
ఎడమ చెయ్యి.